బాలీ: మార్చి 19న విమానమే లేదంటోంది, మూడు నెలల మకాం సంగతేంటి?

కొబ్బరాకు_కోడర్
2026 మార్చిలో బాలీ వెళ్లి మూడు నెలలు అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకుందామని ప్లాను. ఇద్దరం. ఉగాది అక్కడే చేసుకునేలా మార్చి 19న దిగుదామని చూస్తే ఏ సైట్లోనూ ఆ రోజుకి ఒక్క విమానం కూడా రావట్లేదు. 18న ఉన్నాయి, 20న ఉన్నాయి, 19 మాత్రం ఖాళీ. ఒక బుకింగ్ సైటుకి ఫోన్ చేస్తే "సర్వర్ ప్రాబ్లం సార్, రేపు చూడండి" అన్నారు. నాలుగు రోజులుగా రేపు చూస్తూనే ఉన్నా.
పనిలో పనిగా ఇవి కూడా చెప్పండి. వీసా మూడు నెలలకి ఎలా? ఇల్లు ఇక్కడి నుంచే మాట్లాడుకోవాలా? స్కూటరుకి మన లైసెన్సు సరిపోతుందా? తెలుగువాళ్లు ఎవరైనా తగులుతారా, లేక మా మొహాలు మేమే చూసుకుంటూ కూర్చోవాలా?

సానూరు_సంసారి
సర్వర్ తప్పేం లేదు. ఆ రోజు న్యెపి, బాలీవాళ్ల మౌన దినం. 19 ఉదయం ఆరు నుంచి 20 ఉదయం ఆరు దాకా ఎంగురా రాయ్ విమానాశ్రయం మూసేస్తారు. రోడ్డు మీద మనిషి కనపడకూడదు, బయటికి వెలుతురు రాకూడదు, కొట్లన్నీ బంద్. ఓడరేవులు కూడా అంతే. ఆ రోజుకి ఎవరూ టికెట్ అమ్మరు. పొరపాటున అమ్మినా తర్వాత మార్చేస్తారు.
18న దిగడం కూడా వద్దు. ఆ సాయంత్రం ప్రతి ఊళ్లోనూ ఓగో-ఓగో ఊరేగింపు. వెదురు, కాగితం, ఫోమ్‌తో చేసిన రాక్షస బొమ్మల్ని కుర్రాళ్లు భుజాల మీద మోసుకుంటూ నాలుగు రోడ్ల కూడలిలో గిరగిరా తిప్పుతారు. మధ్యాహ్నం నుంచే రోడ్లు కట్టేస్తారు కాబట్టి సాయంత్రం దిగితే సామానుతో దారిలోనే ఇరుక్కుంటారు. 17నో అంతకుముందో దిగండి. లేదంటే 20 మధ్యాహ్నం తర్వాత.

తోక_చుక్క
వచ్చేది పరాభవ నామ సంవత్సరం కదా. మూసేసిన విమానాశ్రయం గుమ్మం ముందు మొదలుపెడదామనుకున్నట్టున్నారు.

లెక్కల_మేష్టారు
నవ్వులాటకి అన్నా ఇందులో అసలు విషయం ఒకటుంది. న్యెపి అంటే వాళ్ల శక సంవత్సరాది. మనం పంచాంగంలో చదివే శాలివాహన శకం 1948, వాళ్ల శక 1948 ఒకటే లెక్క. 2026లో రెండూ మార్చి 19నే పడ్డాయి. 2023లోనూ అంతే, మార్చి 22. 2025లో ఒక్కరోజు తేడా: వాళ్లది మార్చి 29, మనది 30.

వరంగల్_పోరడు
మరి 2024ల గట్ల లేదు కదా సారూ. మన ఉగాది ఏప్రిల్ 9. వాళ్లది మార్చి 11 అని గుర్తు.

లెక్కల_మేష్టారు
సరిగ్గానే గుర్తుంది. అధిక మాసం ఎప్పుడు కలపాలన్న లెక్క వాళ్లదీ మనదీ ఒకటి కాదు, అందుకే కొన్నేళ్లు నెల తేడా వచ్చేస్తుంది. ఇంకో విచిత్రం. మనకి చైత్రంతో ఏడాది మొదలు. వాళ్లకి తొమ్మిదో నెల అమావాస్య వెళ్లిన మర్నాడు, అంటే పదో నెల పాడ్యమినాడు సంవత్సరం అంకె మారుతుంది. ఆ రోజు నాలుగు నిషేధాలు: నిప్పు, పని, ప్రయాణం, వినోదం. మొదటి రెంటినీ 'అమతి గెని', 'అమతి కార్య' అంటారు. ఆ కార్య మన కార్యమే.

తోక_చుక్క
పని నిషేధం అన్న ఒక్క ముక్క ఆఫీసువాళ్లకి ఎవరు చెప్తారు?

సానూరు_సంసారి
చెప్పాల్సిందే, తప్పదు. 2018 నుంచి న్యెపి రోజున మొబైల్ డేటా ఆపేస్తున్నారు. హోటళ్లలో వైఫై మామూలుగా ఉంటుంది, అద్దె ఇళ్లలో మాత్రం నమ్మకం లేదు. 19న సెలవు పెట్టేయడమే మర్యాద.
18 మధ్యాహ్నంలోపు తెచ్చి పెట్టుకోవాల్సినవి: రెండు రోజుల తిండి, 19 లీటర్ల నీళ్ల గాలన్ ఒకటి అదనంగా, నగదు, మందులు. కిటికీలకి మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. పెచాలాంగ్ అని ఊరి కాపలావాళ్లు నల్లచొక్కా, గళ్ల పంచెతో తిరుగుతుంటారు. వెలుతురు బయటికి పడితే తలుపు కొడతారు. ఆస్పత్రి అవసరం వస్తే మాత్రం అడ్డుకోరు, వాళ్లే దారి చూపిస్తారు. విదేశీయులకు మినహాయింపు ఏమైనా ఉందేమోనని అడిగేవాళ్లుంటారు. లేదు. హోటల్ ఆవరణ లోపల తిరగొచ్చు, గేటు దాటకూడదు, బీచ్ కూడా బయటి కిందే లెక్క.

కొబ్బరాకు_కోడర్
సరే, 17న దిగుతాం. హైదరాబాద్ నుంచి నేరుగా ఉందా?

పిల్లకాలువ
హైదరాబాద్ నుంచి కౌలాలంపూరో సింగపూరో మారి వెళ్లడం మామూలు దారి. నేరుగా కావాలంటే బెంగళూరు వెళ్లి ఇండిగో ఎక్కొచ్చు. కౌలాలంపూర్ మీదుగా రెండు వేర్వేరు చౌక టికెట్లు కొనేవాళ్లు చేసే తప్పొకటి చెప్తా. టికెట్లు వేరైతే సామాను నేరుగా బాలీ వెళ్లదు. మీరు మలేషియాలో ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. భారతీయులకి 2026 డిసెంబరు 31 దాకా మలేషియా వీసా అక్కర్లేదు గానీ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది లేకుండా వరుసలో నిలబడి ఫోన్లో వేళ్లు విరుచుకుంటుంటే రెండో విమానం వెళ్లిపోతుంది. వేరు టికెట్లయితే మధ్యలో కనీసం ఐదు గంటలు ఉంచుకోండి.

వీసా_విక్రమార్కుడు
ఇక వీసా. వీసా ఆన్ అరైవల్ మనకి ఉంది. 5 లక్షల రూపియా (ఇండోనేషియా డబ్బు), 30 రోజులు, ఒక్కసారి ఇంకో 30 రోజులు పొడిగింపు. అక్కడితో ఆఖరు. మూడు నెలలు దీంతో కుదరదు.
రోజుల లెక్కలో దిగిన రోజే ఒకటో రోజు. మార్చి 17న దిగితే ముప్పయ్యో రోజు ఏప్రిల్ 15, పదహారు కాదు. పొడిగిస్తే మే 15. ఒక్కరోజు దాటినా జరిమానా రోజుకి మనిషికి 10 లక్షల రూపియా, అంటే మన డబ్బుల్లో ఐదు వేలపైన. ఇద్దరికీ రెండు రోజులంటే ఎంతో వేసుకోండి. 60 రోజులు దాటితే జరిమానాతో పోదు, పంపించేసి మళ్లీ రాకుండా పేరు రాసుకుంటారు.
మూడు నెలలకి సరైనది సీ1 అనే పర్యాటక వీసా. ఇక్కడి నుంచే ఆన్‌లైన్లో తీసుకోవాలి. 60 రోజులకి ఇస్తారు, 60 చొప్పున రెండుసార్లు పొడిగిస్తే మొత్తం 180. బ్యాంకులో 2,000 డాలర్లకి తగ్గని నిల్వ చూపించాలి, పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి.

వరంగల్_పోరడు
గంత లొల్లి ఎందుకన్నా? 60 రోజులు అయినంక సింగపూర్ పోయి ఒక పూట తిరిగొచ్చి మళ్ల ఆన్ అరైవల్ తీసుకుంటే అయిపాయె. మస్తుమంది గదే చేస్తరు.

వీసా_విక్రమార్కుడు
చేస్తారు, చట్టం అడ్డు చెప్పదు. కానీ ఇద్దరి విమాన ఖర్చు, కొత్త వీసా ఫీజు కలిపి చూస్తే సీ1 పొడిగింపే చౌక. పైగా రెండోసారి, మూడోసారి వచ్చేసరికి కౌంటర్లో ప్రశ్నలు పెరుగుతాయి.
పొడిగింపులో జరిగే పొరపాటు ఇదీ. ఇదివరకు ఆన్‌లైన్లోనే అయిపోయేది. 2025 మే నుంచి ఫోటో కోసం మనిషి ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లాలి. ఏ ఆఫీసు అన్నది మీరుండే చోటుని బట్టి. సానూర్, ఉబుద్ వాళ్లకి డెన్పసార్‌లో రెనోన్ ఆఫీసు; చంగూ, కుటా వాళ్లకి ఎంగురా రాయ్ ఆఫీసు; ఉత్తరాన లోవినా వాళ్లకి సింగరాజ. గడువుకి రెండు వారాల ముందే మొదలెట్టాలి. ఈసారి న్యెపి వెనకాలే రంజాన్ పండగ. ప్రభుత్వ సెలవులు మార్చి 18 నుంచి 24 దాకా వరసగా ఉన్నాయి. ఆ వారంలో ఎవరికైనా గడువు తీరుతుంటే ఇప్పుడే కదలాలి.

కొబ్బరాకు_కోడర్
పర్యాటక వీసా మీద ల్యాప్‌టాప్ పని చేస్తే ఇబ్బందా? కంపెనీ, జీతం రెండూ ఇండియాలోనే.

వరంగల్_పోరడు
కేఫులల్ల కూసున్నోళ్లంత గదే జేస్తున్నరు. ఎవడు అడుగుతడు?

వీసా_విక్రమార్కుడు
అడగకపోవడం వేరు, అనుమతి ఉండడం వేరు. దూరం నుంచి పనిచేసేవాళ్లకంటూ ఈ33జీ అని వేరే వీసానే పెట్టారు. ఏడాది గడువు. ఇండోనేషియా బయటి కంపెనీతో ఉద్యోగ ఒప్పందం, ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపించాలి. మన రూపాయల్లో అర కోటి దాటుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. అది అందనివాళ్లు పర్యాటక వీసా మీద గదిలో కూర్చుని మెయిళ్లు చూసుకోవడం పూర్తిగా తెలుపూ కాదు, నలుపూ కాదు.
నలుపు ఎక్కడంటే స్థానికంగా డబ్బు పుచ్చుకునే ఏ పనైనా. యోగా క్లాసు చెప్పి ఫీజు తీసుకోవడం, పెళ్లి ఫోటోలు తీయడం, స్కూటర్లు అద్దెకివ్వడం, ఆఖరికి ఉచిత బస కోసం విల్లాకి ప్రచార వీడియో చేసిపెట్టడం కూడా. వెనక్కి పంపించేసిన కేసుల్లో ఇలాంటివే ఎక్కువ. పన్నెండు నెలల్లో 183 రోజులు దాటి ఉంటే పన్ను లెక్కలో అక్కడి నివాసి అయిపోతారు. అదీ గుర్తుంచుకోండి.

లెక్కల_మేష్టారు
టైము సంగతి ఎవరూ ఎత్తలేదు. బాలీ మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఇండియా తొమ్మిదిన్నర షిఫ్టు అక్కడ మధ్యాహ్నం పన్నెండుకి మొదలై రాత్రి తొమ్మిదికి ముగుస్తుంది. పొద్దున్న మొత్తం మీదే. సూర్యాస్తమయం ఆరున్నర అటూఇటూ, అంటే ఇండియాలో నాలుగు. సరిగ్గా మీ సాయంత్రం మీటింగు.

తోక_చుక్క
కెమెరా ఆపి, సముద్రం శబ్దాన్ని మ్యూట్ చేసి "నెట్‌వర్క్ ఇష్యూ" అనేవాళ్లు ఎక్కడుంటారో ఇప్పుడు తెలిసింది.

పిల్లకాలువ
దిగేముందు కాగితాలు మూడు. ఒకటి వీసా. రెండోది 'ఆల్ ఇండోనేషియా' అరైవల్ కార్డు. 2025 అక్టోబరు నుంచి దేశమంతా తప్పనిసరి, దిగడానికి మూడు రోజుల్లోపు నింపాలి, కస్టమ్స్, ఆరోగ్య వివరాలు అందులోనే. పైసా ఖర్చు లేదు. డబ్బడిగితే అది దొంగ సైటు. మూడోది బాలీ పర్యాటక రుసుము, లక్షా 50 వేల రూపియా, మనిషికి ఒక్కసారి. 2024 ఫిబ్రవరి 14 నుంచి ఉంది. 'లవ్ బాలీ' యాప్‌లో కట్టి క్యూఆర్ దాచుకోండి. విమానాశ్రయంలో అందరినీ అడగరు, గుళ్ల దగ్గర తనిఖీలు ఉంటాయి.
వీసా సైటు కూడా అసలుది ఒక్కటే: ఈవీసా డాట్ ఇమిగ్రాసి డాట్ గో డాట్ ఐడీ. చివర 'గో డాట్ ఐడీ' లేకపోతే అది ఏజెంటే.
ఇంకోటి, ఫోన్. స్థానిక సిమ్‌ని విమానాశ్రయంలోనో కంపెనీ ఆఫీసులోనో పాస్‌పోర్టుతో నమోదు చేయిస్తే మన ఫోన్ 90 రోజులు పనిచేస్తుంది. ఆపైన ఐఎంఈఐని, అంటే ఫోన్ గుర్తింపు నంబరుని, కస్టమ్స్‌లో నమోదు చేయకపోతే సిగ్నల్ పోతుంది. మూడు నెలలవాళ్లకి సరిగ్గా చివర్లో తగులుతుంది ఇది.

సానూరు_సంసారి
ఇల్లు ఇక్కడి నుంచి మాట్లాడొద్దు. ఫోటోలో వరిచేను కనిపిస్తుంది, పక్కన కట్టే కొత్త విల్లా కనపడదు. పొద్దున్న ఎనిమిది నుంచి టైల్స్ కోసే మిషన్ మోత. పది రోజులకి హోటలో గెస్ట్‌హౌసో తీసుకుని, న్యెపి అక్కడే గడిపేసి, ఆ తర్వాత కాలినడకన ఊరు తిరిగి వెతకండి.
ఒక్క గది చాలనుకుంటే 'కోస్' అంటారు, నెలవారీ అద్దె. చూడాల్సింది ముందు కరెంటు. "లిస్ట్రిక్ తెర్మాసుక్?" అని అడగండి, అంటే కరెంటు అద్దెలో కలిపా అని. చాలా ఇళ్లలో ప్రీపెయిడ్ మీటరు. డబ్బు కడితే 20 అంకెల టోకెన్ వస్తుంది, దాన్ని మీటరు మీద బటన్లు నొక్కి ఎక్కించుకోవాలి. మీటరు దగ్గర ఎంత వీఏ అని రాసి ఉంటుంది, అంటే ఎంత లోడు మోస్తుందని. 1300 అయితే ఒక ఏసీ, దాంతోపాటు రైస్ కుక్కర్ పెడితేనే గుండె దడ. ఒక పీకే, అంటే ఒక హార్స్‌పవర్, ఏసీ 800 వాట్ల దాకా లాగుతుంది. ఇద్దరికి 2200 కనీసం, రెండు ఏసీలూ ఇండక్షన్ స్టవ్వూ అంటే 3500. యూనిట్ ధర 2200 దాకా 1,444 రూపియా చిల్లర, 3500 నుంచి 1,699 చిల్లర. లక్ష రూపియాకి 2200 మీటరులో పన్ను పోను 65 యూనిట్లకి కాస్త అటూఇటూ వస్తాయి. ఒక్క ఏసీ రాత్రంతా వాడితే రెండు వారాలు.
అడ్వాన్సు ఇస్తే క్విటాన్సి, అంటే రసీదు, రాయించుకోండి. దాని మీద 10,000 రూపియా మెతరై స్టాంపు అంటించి, సంతకం సగం స్టాంపు మీద సగం కాగితం మీద పడేలా పెట్టించాలి. అది లేని రసీదు గొడవ వచ్చినప్పుడు బలంగా నిలవదు. ఇంటి ఓనరు మీ పాస్‌పోర్టు వివరాలు ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి, చేశారో లేదో అడగండి. చేయకపోతే పొడిగింపు దగ్గర చిరునామా పేచీ వస్తుంది.

వరంగల్_పోరడు
కొంటె ఎట్లుంటది? ఒక బ్రోకర్ 'ఫ్రీహోల్డ్ ప్లాటు, స్థానికుని పేరు మీద' అని తిప్పుతున్నడు.

సానూరు_సంసారి
పారిపోండి. విదేశీయులకి హక్ మిలిక్, అంటే పూర్తి సొంత హక్కు, లేదు. స్థానికుడి పేరున కొని వెనకాల రహస్య ఒప్పందం రాసుకోవడాన్ని చట్టం గుర్తించదు. ఆయన అమ్ముకుంటే మీకు కోర్టులో నిలబడే కాగితమే ఉండదు. ఏళ్ల లీజు తీసుకునేవాళ్లు కూడా భూమి జోన్ చూసుకోవాలి. పచ్చ జోన్ అంటే సాగుభూమి, అందులో విల్లా కట్టకూడదు. కట్టినవి కూల్చిన సందర్భాలున్నాయి.

రెండుచక్రాలు
స్కూటరు. మన లైసెన్సు ఒక్కటే సరిపోదు. ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవాలి, ఫారం 4ఏ, ఫీజు వెయ్యి రూపాయలు, గడువు ఏడాది. అందులో మోటార్‌సైకిల్ గడి దగ్గర ముద్ర పడిందో లేదో అక్కడే తెరిచి చూడండి. కారుకి మాత్రమే లైసెన్సు ఉన్నవాళ్లకి ఆ గడి ఖాళీగా వస్తుంది, అది స్కూటరుకి పనికిరాదు. లైసెన్సు లేకుండా పట్టుబడితే చట్టం ప్రకారం 10 లక్షల రూపియా దాకా, హెల్మెట్ లేకపోతే రెండున్నర లక్షల దాకా జరిమానా.
జరిమానా చిన్న విషయం. అసలు దెబ్బ ఇన్సూరెన్సులో. పర్మిట్ లేకుండా పడితే ఆస్పత్రి బిల్లు మీదే. పర్మిట్ ఉన్నా పాలసీలో సీసీ పరిమితి చూడాలి. కొన్నిటిలో 125, కొన్నిటిలో 150 దాకానే. ఎన్‌మ్యాక్స్ అనే స్కూటరు 155 సీసీ. ఐదు సీసీల కోసం క్లెయిము పోతుంది. స్కూపీ 110 సీసీ, ఇద్దరికి చాలు.
అద్దెకి తీసుకునేటప్పుడు నంబరు ప్లేటు కింది వరస చూడండి. నెల, సంవత్సరం చిన్న అంకెల్లో ఉంటాయి, అది దాటిపోయి ఉంటే బండి కాగితాలకి కాలం చెల్లినట్టే. సీటు కింద ఎస్‌టీఎన్‌కే, అంటే ఆర్‌సీ, ఉండాలి. తాళం తీసుకునేముందు బండి చుట్టూ వీడియో తీయండి. పాస్‌పోర్టు తాకట్టు అడిగితే ఇవ్వకండి, నగదు డిపాజిట్ ఇవ్వండి.

తోక_చుక్క
ఓడ్కా సీసాలో పెట్రోలు అమ్ముతారట కదా దారి పక్కన.

రెండుచక్రాలు
అవును, చిన్న కొట్ల ముందు స్టాండులో పేర్చి ఉంటుంది. బంకు కంటే కాస్త ఎక్కువ ధర. అత్యవసరానికి ఒక లీటరు సరే, రోజూ వద్దు.

పిల్లకాలువ
డబ్బు మార్పిడి ఒక్కటి చెప్పి తప్పుకుంటా. బోర్డు మీద అందరికంటే ఎక్కువ రేటు కనిపిస్తే లోపల కోత ఉన్నట్టే. మోసం ఎలా చేస్తారంటే, కావాలని 50,000 నోట్లే ఇస్తారు. పది లక్షలకి 20 నోట్ల దొంతర చొప్పున బల్ల మీద పేరుస్తారు. మీరు లెక్కపెట్టాక "ఒక్కసారి సరిచూస్తా" అని మళ్లీ తీసుకుని, బల్లకి తడుతూ సర్దేటప్పుడు నాలుగైదు నోట్లు అవతలి వైపు సొరుగులోకి జారిపోతాయి. సూత్రం ఒక్కటే, ఆఖరి లెక్క మీ చేతిలో జరగాలి, ఆ తర్వాత ఆ కట్ట ఇంకో చేతికి వెళ్లకూడదు. అనుమతి ఉన్న దుకాణం, గాజు తలుపు, ముద్రించిన రసీదు ఉంటే ఈ బాధ లేదు. 100 డాలర్ల నోట్లు మడత, మరక లేనివి తీసుకెళ్లండి, మడతపడితే రేటు తగ్గిస్తారు.
మన లెక్కకి చిట్కా: మూడు సున్నాలు కొట్టేసి ఐదున్నరతో గుణించండి. మెనూలో '++' ఉంటే బిల్లుకి ఇంకో 21 శాతం కలుస్తుంది.

ఉబుద్_ఉలవచారు
తిండి దగ్గర శాకాహారులు పడే గోతి మాంసం కాదు, తెరాసి. ఎండురొయ్యల ముద్ద. సంబల్ అనే మిరప పచ్చడిలో, కాంగ్‌కుంగ్ అనే తూటికూరలో, ఆకుకూర వేపుడులో ఉంటుంది, కంటికి కనపడదు. "వెజిటేరియన్" అంటే మాంసం ముక్కలు తీసేసి అదే రసం పోస్తారు. "తన్పా తెరాసి, తన్పా ఇకాన్, తన్పా కల్దు ఆయమ్" అని మూడూ చెప్పాలి: రొయ్యముద్ద వద్దు, చేప వద్దు, కోడి రసం వద్దు. గుడ్డు తినకపోతే 'తన్పా తెలుర్' కూడా. టెంపే (పులియబెట్టిన సోయా గింజల దిమ్మ), టోఫు ఎక్కడైనా దొరుకుతాయి. మునగాకుని కెలోర్ అంటారు, బాలీవాళ్లు కూడా పులుసు పెట్టుకుంటారు. కరివేపాకు బదులు దౌన్ సలామ్ కొని తెచ్చి పోపులో వేసి ఏడవకండి, అది వేరే ఆకు. కందిపప్పు ఇండియన్ కొట్లలోనే. రెండు కిలోలు వెంట తెచ్చుకోవడం సుఖం.

కొబ్బరాకు_కోడర్
ఉగాది పచ్చడి కుదురుతుందా మరి?

ఉబుద్_ఉలవచారు
కుదురుతుంది. చింతపండు అసమ్ జావా, పచ్చిమామిడి మంగ్గా ముడా, మిరపకాయలకి కొదవ లేదు. బెల్లం బదులు గులా మేరా, తాటిజాతి చెట్ల బెల్లం. మన చెరుకుబెల్లం కంటే పొగ వాసన ఎక్కువ కాబట్టి కొంచెం తగ్గించి వేయండి. చేదు దగ్గరే చిక్కు. వేపని బాలీలో ఇంతారన్ అంటారు, చెట్లున్నాయి, కానీ ఆ రోజుల్లో పూత చేతికందుతుందని చెప్పలేం. లేత చిగురు రెండాకులు చాలు. అన్నీ 17నే కొనేయాలి, 18న బజారు పొద్దున్నే చప్పబడిపోతుంది. 19న నిప్పు నిషేధం, పచ్చడికి పొయ్యితో పనిలేదు. మన పండగా వాళ్ల పండగా ఎంత కలిశాయో చూడండి.

వరంగల్_పోరడు
బచ్చాలు?

ఉబుద్_ఉలవచారు
భక్ష్యాలు ముందురోజు కాల్చి పెట్టుకోండి. న్యెపినాడు నేతి వాసన వీధిలోకి పోతే పెచాలాంగ్ తలుపు కొట్టేది తిట్టడానికో తినడానికో చెప్పలేం.

కొబ్బరాకు_కోడర్
మనుషుల సంగతి ఎవరూ చెప్పలేదు. వార్తల్లో ఏదో కొత్త చట్టం, పెళ్లికాని జంటల్ని అరెస్టు చేస్తారని కూడా చూశా. మాకు పెళ్లయింది గానీ మాతో చేరదామనుకునే స్నేహితులు భయపడుతున్నారు.

వీసా_విక్రమార్కుడు
చట్టం నిజం, భయం సగమే నిజం. 2022 డిసెంబరులో ఆమోదించిన కొత్త నేర స్మృతి 2026 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్లి కాకుండా కలిసి ఉండడం అందులో నేరమే, ఆరు నెలల దాకా శిక్ష. కానీ భార్యో భర్తో, పెళ్లికానివాళ్లయితే తల్లిదండ్రులో పిల్లలో ఫిర్యాదు చేస్తేనే కేసు. హోటల్వాడో పక్కింటివాడో పెట్టలేడు. మీ స్నేహితుల తల్లిదండ్రులు బాలీ పోలీస్ స్టేషన్ దాకా వచ్చే రకమా అన్నది వాళ్లే చూసుకోవాలి.

తోక_చుక్క
మన వైపు తల్లిదండ్రులైతే ఫిర్యాదుకి కాదు, ముహూర్తానికి వస్తారు.

సానూరు_సంసారి
మనుషులు మీరుండే ఊరుని బట్టి మారతారు. చంగూలో ల్యాప్‌టాప్ జనం, పరుగు క్లబ్బులు, కోవర్కింగ్‌లు. రెండు వారాలకొక కొత్త ముఖం, పాత ముఖం విమానం ఎక్కేస్తుంది. ఉబుద్‌లో యోగా, ధ్యానం. సానూర్‌లో నిలకడగా ఉండే కుటుంబాలు, పదవీ విరమణ చేసినవాళ్లు. సముద్రం ఒడ్డున నడక బాట ఉంది, రాత్రి పదికి ఊరు పడుకుంటుంది. మూడు నెలలకి దంపతులకైతే సానూరే నయం.

వరంగల్_పోరడు
పేరులనే సానూరు పెట్టుకున్నోళ్లు ఇంకేం చెప్తరు.

సానూరు_సంసారి
అదీ నిజమే. కానీ చంగూలో నాలుగు కిలోమీటర్లకి నలభై నిమిషాలు పట్టే సాయంత్రాలు లెక్కేసి అప్పుడు చెప్పండి.
తెలుగువాళ్లు కొద్దిమందే, చెదిరి ఉంటారు. ఉగాది ప్రభుత్వ సెలవు దినంగా ఉన్న మారిషస్ లాంటి పరిస్థితి ఇక్కడ ఊహించుకోవద్దు. భారతీయుల్ని కలవాలంటే డెన్పసార్‌లో భారత కాన్సులేట్, స్వామి వివేకానంద సాంస్కృతిక కేంద్రం. యోగా, నాట్యం తరగతులకి స్థానికులే ఎక్కువగా వస్తారు, పరిచయాలు బాగా పెరిగేది అక్కడే. అద్దె ఇల్లు ఊళ్లో అయితే బంజార్, అంటే వీధి సంఘం, నెలకి కొంత చందా అడగొచ్చు. ఇవ్వండి. మీ వీధి గొడవలు, చెత్త, దొంగతనాలు అన్నీ వాళ్ల చేతిలోనే. గుమ్మాల ముందు లేత కొబ్బరాకు బుట్టల్లో పూలు పెడతారు, కానంగ్ సారి అని. వాటిని తొక్కకుండా నడిస్తే పది మాటల పలకరింపు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

రెండుచక్రాలు
వార్తలంటే అగ్నిపర్వతం మర్చిపోయారు. ఫ్లోరెస్ దీవిలోని లెవొతోబి 2024 నవంబరులో, 2025 జూన్, జులైలో పేలినప్పుడు బూడిద వల్ల బాలీ విమానాలు రద్దయ్యాయి. కొండ వందల కిలోమీటర్ల అవతల ఉన్నా గాలి ఎటు వీస్తే అటే. ఇన్సూరెన్సు టికెట్‌తోపాటే కొనండి. పేలాక కొంటే 'ముందే తెలిసిన సంఘటన' అని తిరగ్గొడతారు.

కొబ్బరాకు_కోడర్
17 టికెట్లు తీసుకున్నా. సీ1కి రేపు కాగితాలు పెడుతున్నా. ఆర్టీఏ స్లాటు దొరికింది. కందిపప్పు రెండు కిలోలు ఇంట్లో పక్కన పెట్టించా. గెస్ట్‌హౌస్ సానూర్‌లో చూశా, వంటగది ఉంది, ప్రీపెయిడ్ మీటరట. ఇంకేమైనా?

సానూరు_సంసారి
18 పొద్దున్నే మీటరు చూసుకుని టోకెన్ వేయించండి. యూనిట్లు అడుగంటితే ఆ మీటరు కీచుకీచుమని ఆగకుండా కూస్తుంది. మామూలు రోజు అయితే ఎదురింటివాళ్లు వచ్చి చెప్తారు. 19న బయటికి వెళ్లి టోకెన్ కొనలేరు, దాని నోరు మూయించలేరు. బాలీ మొత్తం మీద ఆ రోజు వినపడే చప్పుడు మీ ఇంటిదే అవుతుంది.